దోమ ముక్కులో ప్రోటీన్లు చూసి కొత్త దోమల మందు చేస్తారట, అయ్యే పనేనా?

చెరువుగట్టు_శీను
ఆకివీడు పక్కన రొయ్యల చెరువులు మావి. సాయంత్రం మేత చల్లే టైముకి దోమలు ముసురుకుంటాయి, నోరు తెరిస్తే నోట్లోకే. మా బావ అమెరికా నుంచి డీట్ స్ప్రే తెచ్చిచ్చాడు. పనిచేస్తుంది, కాదనను. కానీ ఆ జిడ్డు, ఆ కంపు, పైగా వాచీ మీద ప్లాస్టిక్ అద్దం మసకబారిపోయింది. డీట్ పుట్టింది రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అంట. ఇప్పుడేమో దోమ వాసన పట్టే ప్రోటీన్ల ఆకారం తెలిసిపోయింది, దానికి సరిపోయే మందు కంప్యూటర్లోనే గీసేస్తారు అని చదివా. ఇన్నేళ్ళకీ డీటే గతి అయినప్పుడు ఈ ప్రోటీన్ల కథంతా ఊరించడమేనా? తెలిసినవాళ్ళు చెప్పండి. వేపనూనె రాసుకోమని మాత్రం అనకండి, అదీ అయింది.

కొత్తపేట_కిరణ్
వేపనూనె రాసుకో అన్నా :)

మందులషాపు_రాంబాబు
మన దగ్గర ట్యూబుల్లో వచ్చే క్రీముల్లో ఎక్కువగా ఉండేది డైఇథైల్ బెంజమైడ్. డీట్‌కి సొంత తమ్ముడే, రింగు మీద ఒక మిథైల్ గుంపు తక్కువ, అంతే తేడా. ఇంకొకటి డెపా, గ్వాలియర్‌లో మన రక్షణ శాఖ ల్యాబు వాళ్ళు తయారుచేసింది. అదీ అదే వంశం. ఇక గోడకి పెట్టే లిక్విడ్లలో ఉండే ట్రాన్స్‌ఫ్లూత్రిన్ లాంటివి దోమ నరాల మీద కొట్టే విషాలు, వాటి లెక్క వేరు. కస్టమర్లు అన్నీ ఒకటే అనుకుంటారు.

పోస్ట్‌డాక్_పద్మ
ఊరించడం కాదు శీను గారూ, అలాగని రేపే షాపులోకి వచ్చేదీ కాదు. నా పని ప్రోటీన్ల నిర్మాణాల మీదే. దోమలవి కాదు గానీ ఆ పేపర్లు వదలకుండా చదువుతాను. కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపికుంటే చదవండి.

దోమకి ముక్కంటే తల మీద మీసాల్లాంటి రెండు యాంటెన్నాలు, మూతి పక్కన ఇంకో రెండు చిన్న పాల్పులు. వాటి నిండా సన్నటి బోలు నూగు. నూగుకున్న రంధ్రాల్లోంచి వాసన అణువు లోపలికి పోతే అక్కడ నీరులాంటి ద్రవం ఉంటుంది. మన ఒంటి వాసనల్లో చాలావాటికి నీళ్ళంటే పడదు. అందుకని ఆ ద్రవంలో ఓబీపీలు అనే చిన్న ప్రోటీన్లు తిరుగుతూ అణువుని పట్టుకుని నరకణం దాకా మోసుకుపోతాయని మొదటి నుంచీ ఉన్న లెక్క. నరకణం మీద అసలు గ్రాహకాలు, అంటే వాసన అణువు తగిలితే స్పందించే ప్రోటీన్లు, ఉంటాయి. మనిషి వాసనల్లో చాలావాటికి ఓఆర్‌లు, చెమటలోని లాక్టిక్ ఆమ్లం లాంటివాటికి ఐఆర్‌లు, మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌కి పాల్పుల మీద జీఆర్‌లు.

ఇందులో ఓఆర్ ఒంటరిగా పనిచేయదు, ఒర్కో అనే తోడు ప్రోటీన్ ఉండాలి. నాలుగు కోళ్ళ మంచం అనుకోండి, 2024లో దోమల గ్రాహకాల నిర్మాణం చూసినప్పుడు తేలింది మూడు కోళ్ళు ఒర్కోవి, ఒక్కటే ఓఆర్‌ది. వాసనని గుర్తుపట్టేది ఆ ఒక్క కోడే. అది గుర్తుపట్టగానే నడిమి రంధ్రం తెరుచుకుని అయాన్లు లోపలికి దూకుతాయి, నరకణం పలుకుతుంది.

అంతకుముందు 2018లో ఒక మేడి కందిరీగ ఒర్కో నిర్మాణం వచ్చింది. 2021లో రెక్కల్లేని ఒక పాతకాలపు పురుగు గ్రాహకం లోపల డీట్ కూర్చున్న బొమ్మ కూడా వచ్చింది. అదే గుంటలో లవంగాల్లో ఉండే యూజినాల్ కూడా కూర్చుంటుంది! రెండూ చాలా తేడా ఉన్న అణువులు. ఆ గుంట గోడలు నీళ్ళంటే గిట్టని అమైనో ఆమ్లాలతో నిండి ఉండటం వల్ల సుమారుగా సరిపోయిన అణువునల్లా లోపలికి రానిస్తుంది. కంప్యూటర్లో మందు గీయడం ఎందుకు కష్టమో అక్కడే అర్థమవుతుంది.

సైలెంట్_రీడర్
లవంగం అంటే గుర్తొచ్చింది, మా నాయనమ్మ నిమ్మకాయ చెక్కలో లవంగాలు గుచ్చి మంచం పక్కన పెట్టేది. పనిచేసేదా లేదా అని అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

లెక్కల_మాస్టారు
పద్మగారి పోస్టు బాగుంది. కానీ నా అనుమానం ఏంటంటే, ఈ డాకింగ్ సాఫ్ట్‌వేర్లు, అంటే అణువు గ్రాహకంలో ఎలా కూర్చుంటుందో లెక్కకట్టేవి, ప్రతి అణువుకీ ఒక స్కోరు ఇచ్చేస్తాయి. స్కోరు బాగుందని దోమ పారిపోతుందా? గట్టిగా అతుక్కున్న అణువు గ్రాహకాన్ని తెరుస్తుందో మూసేస్తుందో కూడా ఆ స్కోరు చెప్పదు. తెరిస్తే వాసన తగిలినట్టు, మూస్తే తగలనట్టు. ఈ రెంటిలో మనకి ఏది కావాలో ముందు తేలాలిగా.

చెరువుగట్టు_శీను
అదే అడగబోతున్నా. డీట్ కంపుకి దోమ పారిపోతోందా, లేక డీట్ వల్ల మన వాసన దానికి తెలియట్లేదా?

పోస్ట్‌డాక్_పద్మ
దీని మీదే పదిహేనేళ్ళ గొడవ నడిచింది. 2008లో రెండు పేపర్లు కొన్ని నెలల తేడాతో వచ్చాయి. న్యూయార్క్ రాకఫెల్లర్ విశ్వవిద్యాలయంలో లెస్లీ వోషాల్ బృందం, డీట్ ఓఆర్‌లను అణిచేసి మనిషి వాసన తెలియకుండా చేస్తుంది అంది. కాలిఫోర్నియాలో సయ్యద్, లీల్ ఇద్దరూ, కాదు, దోమ డీట్‌ని నేరుగా వాసన చూసి తప్పుకుంటుంది అన్నారు. తర్వాత 2014లో లీల్ వాళ్ళే మన మురుగుకాలవల్లో పెరిగే క్యూలెక్స్ దోమలో డీట్‌కి పలికే గ్రాహకాన్ని కూడా చూపించారు.

మధ్యలో 2013లో వోషాల్ ల్యాబు వాళ్ళు ఒర్కో జన్యువునే పాడుచేసిన ఈడిస్ దోమల్ని, అంటే డెంగ్యూ మోసే జాతిని, తయారుచేశారు. వాటికి డీట్ రాసిన చెయ్యి చూపిస్తే దూరం నుంచి ఏమీ భయం లేదు, నేరుగా వచ్చి వాలాయి. వాలగానే మాత్రం తట్టుకోలేక ఎగిరిపోయాయి! అంటే ముక్కుతో సంబంధం లేని ఇంకో దారి ఉంది. 2019లో అదేంటో తేలింది, దోమ కాళ్ళతో డీట్‌ని రుచి చూస్తుంది.

మళ్ళీ అదే 2019లో జాన్స్ హాప్‌కిన్స్ వాళ్ళు ఆఫ్రికా మలేరియా దోమ మీద చూస్తే అక్కడ ఇంకో కథ. డీట్‌కి దాని యాంటెన్నా అసలు పలకనే లేదు. కానీ మనిషి వాసన అణువులతో డీట్‌ని కలిపి పెడితే ఆ అణువులు గాల్లోకి లేవడమే తగ్గిపోయింది. నిమ్మగడ్డి నూనె, యూజినాల్ లాంటివాటికి మాత్రం యాంటెన్నా గట్టిగానే పలికింది.

కాబట్టి మాస్టారూ, మీ ప్రశ్నకి జవాబు దోమని బట్టి మారుతుంది. డెంగ్యూ దోమకి ఒకటి, మలేరియా దోమకి ఒకటి.

లెక్కల_మాస్టారు
అయితే ఒక ప్రోటీన్‌కి సరిపడేలా గీసిన మందు ఒక జాతి దోమకే పనిచేసి పక్క జాతికి పనిచేయకపోవచ్చన్నమాట. శీను చెరువు గట్టు మీద ఎన్ని జాతులుంటాయో!

బేగంపేట_భాస్కర్
దోమల సంగతి వచ్చాక మా ఏరియా పేరు చెప్పకపోతే పాపం తగులుతుంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లోనే కదా రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది. అందుకే ఆగస్టు 20 ప్రపంచ దోమల దినం. మా దోమలకి వంశ గౌరవం ఉంది, మామూలు క్రీములకి లొంగవు.

ఓరుగల్లు_సంధ్య
మా ఇంట్ల మా ఆయనని ఒక్క దోమ కుట్టది, నన్నే పీక్క తింటయి. ఒకే మంచం, ఒకే ఫ్యాను. బ్లడ్ గ్రూపు అంటరు, గది నిజమేనా? ఈ ప్రోటీన్లతోని ఏమన్న తెలుస్తదా?

పోస్ట్‌డాక్_పద్మ
సంధ్య గారూ, బ్లడ్ గ్రూపు కన్నా చర్మం మీది కొవ్వు ఆమ్లాల మీద గట్టి ఆధారం ఉంది. 2022లో వోషాల్ బృందం జనాల ముంజేతులకి నైలాన్ మేజోళ్ళు తొడిగించి, ఆ మేజోళ్ళని దోమలకి చూపించింది. అందరికన్నా ఎక్కువ దోమల్ని లాగిన మనిషికీ తక్కువ లాగిన మనిషికీ మధ్య వంద రెట్ల దాకా తేడా వచ్చింది. ఎక్కువ లాగేవాళ్ళ చర్మం మీద కార్బాక్సిలిక్ ఆమ్లాలు ఎక్కువ. ఏళ్ళు గడిచినా ఆ వరస పెద్దగా మారలేదు.

మన చర్చకి పనికొచ్చే సంగతి ఇంకోటుంది. ఒర్కో పోయిన దోమలు కూడా, ఐఆర్‌ల తోడు ప్రోటీన్ పోయిన దోమలు కూడా ఆ ఎక్కువ లాగే మనిషినే ఎంచుకున్నాయి. ఒక దారి మూస్తే ఇంకో దారి. అదే ఏడాది ఇంకో పేపరు కూడా వచ్చింది. సాధారణంగా ఒక వాసన నరకణంలో ఒక రకం గ్రాహకం ఉంటుందని పాఠం. ఈడిస్ దోమలో ఒకే కణంలో ఓఆర్‌లు, ఐఆర్‌లు కలిసి కాపురం చేస్తున్నాయని దాంట్లో తేలింది.

ఓరుగల్లు_సంధ్య
అంటే నా తప్పేం లేదు, నా చర్మమే గంత. మా ఆయనకి సదివి వినిపిస్త.

కొత్తపేట_కిరణ్
బీరు తాగితే ఎక్కువ కుడతాయని కూడా విన్నా. మా రూమ్మేట్ దీన్ని ఒప్పుకోడు.

డల్లాస్_మామ
అది ఉత్త మాట కాదు కిరణ్. 2010లో బుర్కినా ఫాసోలో చేశారు, అక్కడి నాటు జొన్న బీరు తాగినవాళ్ళ వాసనకి మలేరియా దోమలు ఎక్కువ ఆకర్షితమయ్యాయి. నీళ్ళు తాగినవాళ్ళకి ఆ తేడా రాలేదు.

కొత్తపేట_కిరణ్
కల్లు మీద ఎవరైనా చేస్తే వాలంటీరుగా నేను రెడీ. పరిశోధన కోసమే.

మోడరేటర్
కల్లు చర్చకి వేరే దారం ఉంది. ఇక్కడ దోమలు.

ఫార్మా_రవితేజ
నేను మందుల కంపెనీలో అణువుల డిజైన్ వైపు పనిచేస్తా. లెక్కల మాస్టారు అన్నది కరెక్టే కానీ సగమే. కంప్యూటర్‌తో వచ్చేది మందు కాదు, వడపోత. లక్ష అణువుల్ని ల్యాబులో పరీక్షించే బదులు యాభై తేల్చి ఇస్తే చాలు, ఖర్చు ఎంత తగ్గుతుందో ఆలోచించండి. డీట్ దొరికిన రోజుల్లో అమెరికా వ్యవసాయ శాఖ వేల రసాయనాల్ని ఒక్కొక్కటీ చేతులకి పూసి, దోమల బోనులో చెయ్యి పెట్టించి చూసింది. ఆ పాత కాగితాలన్నీ ఈ మధ్య డిజిటల్ చేసి, ఒక యంత్రానికి నేర్పించి, డీట్‌తో సమానంగానో అంతకన్నా బాగానో పనిచేసే కొత్త అణువులు కొన్ని పట్టారు. దానికి ఏ ప్రోటీన్ నిర్మాణమూ వాడలేదు.

డీట్ లాగే ఒంటికి రాసుకునే ఐకారిడిన్ అనే మందు కూడా 1980ల్లో బేయర్ వాళ్ళు అణువుల నమూనాలు పోల్చుకుంటూనే చేశారు. అప్పటికి దోమ గ్రాహకం ఒక్కటి కూడా ఎవరికీ తెలియదు. కాబట్టి ప్రోటీన్ తెలియకపోతే మందు రాదనుకోకండి.

పోస్ట్‌డాక్_పద్మ
రవితేజ గారితో కొంత విభేదిస్తాను. పాత డేటా నుంచి నేర్చుకున్న యంత్రం ఆ పాత అణువుల చుట్టుపక్కలే తిరుగుతుంది. ప్రోటీన్ నిర్మాణం ఉంటే ఎక్కడ మార్చాలో తెలుస్తుంది.

మలేరియా దోమలో ఓబీపీ1 అనే మోత ప్రోటీన్ ఉంది. దాని రెండు ప్రతులు జంటగా అతుక్కున్నప్పుడు మధ్యలో పొడుగాటి సొరంగం ఏర్పడుతుంది. ఏథెన్స్‌లోని గ్రీకు బృందం డీట్ ఆ సొరంగం అంచున ఎలా కూర్చుంటుందో స్ఫటికంలో చూసింది. ఎక్కువ భాగం ఊరికే ఆకారం సరిపోవడమే, దానికి తోడు ఒక్క హైడ్రోజన్ బంధం. 2017లో అదే ప్రోటీన్‌లో ఐకారిడిన్‌ని చూస్తే అది డీట్ చోటుతో పాటు వేరే చోట కూడా కూర్చుంది. పైగా ఐకారిడిన్‌కి కుడి ఎడమ చేతుల్లాంటి నాలుగు రూపాలుంటాయి, ప్రోటీన్ వాటిని ఒకేలా చూడలేదు. సీసాలో నాలుగూ కలిపే వస్తాయి. ఇలాంటి సంగతి బోనులో చెయ్యి పెడితే తెలియదు కదా.

ఫార్మా_రవితేజ
ఒప్పుకుంటా. కానీ ఓబీపీల మీదే అంత నమ్మకం ఎందుకండీ? 2019లో పండ్ల ఈగల మీద ఒక పేపరు వచ్చింది, ఒక రకం నూగులో ఎక్కువగా ఉండే ఓబీపీలన్నీ తీసేసినా వాసనలకి బాగానే పలికింది. మోసేవాడు లేకుండానే సరుకు చేరిపోతుంటే, మోసేవాడికి అతుక్కునే అణువుని గీసి ఏం లాభం?

పోస్ట్‌డాక్_పద్మ
అది నిజమే, ఆ పేపరు చాలామందికి మింగుడుపడలేదు. కానీ క్యూలెక్స్ దోమలో ఓబీపీ1ని తగ్గించేస్తే గుడ్లు పెట్టే చోటు చెప్పే వాసనలకి యాంటెన్నా స్పందన తగ్గిందని 2010లో చూపించారు. ఈగకి అక్కర్లేనిది దోమకి అక్కరకొస్తుండొచ్చు, లేదా ఒక వాసనకి కావాలి, ఇంకోదానికి అక్కర్లేదు. నా మటుకు ఓబీపీకి అతుక్కోవడాన్ని మొదటి జల్లెడగా వాడతాను. చివరి తీర్పుగా వాడను.

తేనెపట్టు_వెంకట్
పాడేరు వైపు తేనెటీగల పెట్టెలు పెడుతుంటాం. ఈ ఒర్కో తేనెటీగలో కూడా ఉంటుందా? దోమ ఒర్కోని పట్టుకునే మందు చేస్తే నా ఈగలు దారి తప్పవా?

పోస్ట్‌డాక్_పద్మ
వెంకట్ గారూ, ఈ దారంలో అన్నిటికన్నా మంచి ప్రశ్న ఇదే. ఉంటుంది. చాలా పురుగుల్లో ఒర్కో దాదాపు ఒకేలా ఉంటుంది. 2011లో అమెరికా వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం వాళ్ళు లక్షకు పైగా అణువుల్ని జల్లెడపట్టి వీయూఏఏ1 అనేదాన్ని దొరకబుచ్చుకున్నారు. అది నేరుగా ఒర్కోనే తెరుస్తుంది. అంటే ఓఆర్ ఉన్న నరకణాలన్నీ ఒక్కసారే గోల చేసి, దోమకి ఏ వాసన ఏదో తెలియకుండా పోవాలన్నది ఆలోచన. వినడానికి అద్భుతం. రెండు చిక్కులు: ఆ అణువు బరువు, గాల్లోకి లేవదు. రెండోది మీరన్నదే, చీమకైనా చిమ్మటకైనా అదే తాళం. ఒంటికి రాసుకునేదైతే పరవాలేదేమో గానీ ఊరంతా చల్లే ఆలోచన అసలు వద్దు.

అందుకే ఆ మూడు కోళ్ళ జోలికి పోకుండా, జాతికో రకంగా ఉండే నాలుగో కోడు మీద పనిచేయడమే మేలని నాకనిపిస్తుంది. మలేరియా దోమకి అలాంటివి 79 జన్యువులున్నాయి. 2010లో వాటిలో 50 గ్రాహకాల్ని ఒక్కొక్కటిగా, సొంత గ్రాహకం తీసేసి ఖాళీ చేసిన పండ్ల ఈగ నరకణంలో పెట్టి 110 వాసనలు చూపించి, ఏది దేనికి పలుకుతుందో పట్టిక వేశారు. అలాగే చామంతి జాతి పూల నుంచి తీసే పైరెత్రమ్‌కి దోమ ఎందుకు తప్పుకుంటుందో 2021లో ఈడిస్‌లో తేలింది. అందులోని ఒక అణువు ఓఆర్31ని తెరుస్తుంది, మిగతా అణువులు నరాల సోడియం ద్వారాల్ని కదుపుతాయి, రెండూ కలిసి దెబ్బ కొడతాయి.

డల్లాస్_మామ
ఇక్కడ అమెరికాలో 2020లో నూట్‌కటోన్ అనేదానికి దోమల మందుగా అనుమతి ఇచ్చారు, దబ్బపండు లాంటి గ్రేప్‌ఫ్రూట్ తొక్కలో ఉండే వాసన. వాసన బాగుంటుందని మా ఆవిడ సంబరపడింది. నేనింకా షాపులో చూళ్ళేదు. అనుమతి రావడానికీ అల్మరాలోకి రావడానికీ మధ్య ఏం జరుగుతుందో రవితేజ చెప్పాలి.

ఫార్మా_రవితేజ
డబ్బు జరుగుతుంది మామా :) చర్మం మీద రోజూ రాసుకునేదానికి విష పరీక్షలు, చర్మంలోంచి రక్తంలోకి ఎంత పోతుంది, పిల్లలకి, గర్భిణులకి ఏమిటి, అన్నీ చూపించాలి. పైగా సూత్రం కూడా ఇబ్బందే. గాల్లోకి తేలిగ్గా లేచే అణువైతే దూరం నుంచే దోమకి తెలుస్తుంది, కానీ అరగంటలో ఆవిరైపోతుంది. లేవనిదైతే గంటలు నిలుస్తుంది, కానీ దోమ వాలాకే తెలుస్తుంది. 2002లో ఒక పోలికలో 23.8 శాతం డీట్ సగటున 301 నిమిషాలు కాపాడితే, సిట్రొనెల్లా మందులు 20 నిమిషాలు కూడా నిలవలేదు. చేతికి కట్టుకునే బ్యాండ్లు అసలు పనిచేయలేదు. గ్రాహకంలో ఎంత బాగా కూర్చున్నా ఈ పరీక్షలో చాలా అణువులు రాలిపోతాయి. మిగిలినదాన్ని డీట్ ధరకి అమ్మాలి. డీట్ చాలా చవక.

సైలెంట్_రీడర్
బ్యాండు మా పాపకి కొన్నా. రంగు బాగుంది, అది చాలు ఇక.

బేగంపేట_భాస్కర్
దోమలకి డీట్ అలవాటైపోతుందా మరి? పురుగుమందులకి అయినట్టు?

పోస్ట్‌డాక్_పద్మ
2013లో లండన్‌లో చూశారు, ఒకసారి డీట్ తగిలిన ఈడిస్ దోమల్లో కొన్ని మూడు గంటల తర్వాత మళ్ళీ చూపిస్తే అంత పట్టించుకోలేదు, యాంటెన్నా స్పందన కూడా తగ్గింది. పుట్టుకతోనే పట్టించుకోనివి కూడా ఉన్నాయి, వాటి లక్షణం పిల్లలకి దిగుతుంది. రెండు మూడు వేరు వేరు గ్రాహకాల మీద పనిచేసే అణువుల్ని కలిపి వాడాలన్న ఆలోచన వచ్చింది ఇలాంటివి చూసే.

చెరువుగట్టు_శీను
చదువుతుంటే తల తిరుగుతోంది గానీ బాగుంది. ఇంతకీ కొత్తది వచ్చేదాకా నేనేం రాసుకోవాలి? వాచీ పాడవకుండా.

డల్లాస్_మామ
20 శాతం ఐకారిడిన్. పికారిడిన్ అని కూడా రాస్తారు. జిడ్డుండదు, ప్లాస్టిక్‌ని తినదు, వాసన దాదాపు లేదు. ఇక్కడ నేను అదే వాడేది. చెమటకి పోతుంది, మళ్ళీ రాయాలి. బట్టలకి పట్టించే పెర్మెత్రిన్ కూడా దొరుకుతుంది, చొక్కాకి ఒకసారి కొడితే చాలా ఉతుకులు ఆగుతుంది.

ఓరుగల్లు_సంధ్య
మా బాబుకి నెలన్నర. గీ ఐకారిడిన్ రాయొచ్చా?

మందులషాపు_రాంబాబు
వద్దమ్మా. రెండు నెలల లోపు పిల్లలకి ఏ మందూ రాయొద్దు, దోమతెరే. తర్వాత కూడా చేతులకి, కళ్ళ దగ్గర రాయకూడదు, చేతులు నోట్లో పెట్టుకుంటారు. నిమ్మ యూకలిప్టస్ నూనె అని ఒకటి అమ్ముతారు, అది మూడేళ్ళ లోపు పిల్లలకి వద్దు. సహజం అని రాసుందని మోసపోకండి. ఏదైనా మీ పిల్లల డాక్టర్ని అడిగాకే.

పోస్ట్‌డాక్_పద్మ
శీను గారూ, డల్లాస్ మామగారి పెర్మెత్రిన్ సలహా మీకు మాత్రం పనికిరాదు! అది పైరెత్రాయిడ్, అంటే పైన చెప్పిన పైరెత్రమ్ నమూనాలో చేసిన పురుగుమందు. రొయ్యలకి పైరెత్రాయిడ్లు చాలా చాలా తక్కువ మోతాదులో కూడా విషం, దోమా రొయ్యా రెండూ ఆర్థ్రోపోడాలే, అంటే కీళ్ళ కాళ్ళ జీవులే, వాటి నరాల్లో సోడియం ద్వారాలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఆ చొక్కా వేసుకుని చెరువులోకి దిగడం, గట్టు మీద ఉతకడం, రెండూ వద్దు.

చెరువుగట్టు_శీను
అమ్మో! మంచిదైంది, మా బావకి రేపు ఫోన్లో అదే చెప్పబోతున్నా తెమ్మని. ఐకారిడిన్ రాసుకున్న చేత్తో మేత చల్లితే పరవాలేదా?

పోస్ట్‌డాక్_పద్మ
అరచేతులకి రాయకండి, ముంజేతులకి, మెడకి, కాళ్ళకి చాలు. చెరువు నీళ్ళలో చేతులు కడగొద్దు, షెడ్డు దగ్గర పంపు కింద కడుక్కోండి.

కొత్తపేట_కిరణ్
అన్నా, రొయ్యలు పట్టుబడికొచ్చినప్పుడు ఈ దారంలో సలహా చెప్పినవాళ్ళకి తలా కేజీ.

చెరువుగట్టు_శీను
వేపనూనె అన్నోడికి లేదు.